ఇన్‌ఛార్జి ఈటా గారికి విన్నపం

మహారాజశ్రీ పాలిమరేజ్ ఈటా గారి సముఖానికి,

అయ్యా,

నెల్లూరు జిల్లా ఇస్కపల్లి నుంచి రాస్తున్నాను. కణంలో డీఎన్‌ఏను కాపీ చేసే ఎంజైముల్లో ఒకరైన తమ సర్వీసు రికార్డు చూశాను. ఏమీ బాగోలేదు.

డీఎన్‌ఏ కాపీ చేయడంలో తమ సీనియర్లు డెల్టా, ఎప్సిలాన్ గార్లు రాసిన ప్రతి అక్షరాన్నీ సరిచూసుకుంటారు. తప్పుంటే కొట్టేసి మళ్లీ రాస్తారు. లక్షల అక్షరాల్లో ఒకటి తప్పిపోతే అదే గొప్ప. తమరికి దిద్దుకునే అలవాటే లేదు. ఏ మచ్చా లేని డీఎన్‌ఏ చేతికిచ్చినా పదులకో వందలకో ఒక తప్పు రాసేస్తారు. ఇలాంటివారిని ఏ ఆఫీసులోనైనా మెమో ఇచ్చి ఇంటికి పంపుతారు. (పంపరు లెండి, ప్రమోషన్ ఇస్తారు. ఆ గొడవ ఇప్పుడెందుకు.)

అయినా తమ కుర్చీ కదలదు. ఎందుకో తెలియాలంటే మా ఉప్పుమళ్ల దగ్గరికి రావాలి. మే నెల, పొద్దున పదకొండు. చీర మీద మగవాళ్ల చొక్కా, తలకు తువ్వాలు చుట్టుకున్న ఆడమనిషి మడిలో ఉప్పును గట్టుకు లాగుతోంది. మోచేతుల కింద చర్మం మాత్రం బయటే. పైనుంచి ఎండ, కింద తెల్లటి ఉప్పు మీద నుంచి ఎగదన్నే ఎండ. సముద్రపు గాలికి ఒళ్లు చల్లబడుతుంది గానీ, ఇక్కడ దెబ్బ కొట్టేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. అవి తగిలితే డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు థైమిన్లు, అంటే రెండు 'టీ'లు, ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

ఇలాంటివి చాలావరకు మరమ్మతు సిబ్బంది కోసి తీసేస్తారు. వాళ్లు రాకముందే కాపీ పని అక్కడికి చేరిందా, చిక్కే. డెల్టా గారు టక్కున ఆగిపోతారు. ఫైలు సక్రమంగా లేదు, కదలదు, అంతే. నిజాయితీపరుడే, కాదనను. కానీ ఆ నిజాయితీకి కణం ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు రాడ్6, రాడ్18 అనే ప్రోటీన్ల జంట, డీఎన్‌ఏను ఉంగరంలా చుట్టుకుని ఉండే పీసీఎన్‌ఏ అనే ప్రోటీన్‌కి యుబిక్విటిన్ అనే చిన్న చీటీ అంటిస్తుంది. అది చూసి తమరు దిగుతారు.

తమ గదిలో చోటెక్కువ. అతుక్కున్న రెండు టీలూ అందులో ఇరుకు లేకుండా పడతాయి. ఎదురుగా రెండు 'ఏ'లు పెట్టి, ఇంకో రెండక్షరాలు రాసి, మెల్లగా తప్పుకుంటారు. టీకి జోడీ ఏనే కదండీ! తప్పులతడకని పేరుపడ్డవారు, పెద్దలు చేతులెత్తేసిన చోట మాత్రం ఒప్పే రాస్తున్నారన్నమాట.

తమరు లేకపోతే ఏమవుతుందో 1999లో తేలింది. జిరోడెర్మా పిగ్మెంటోజమ్ వేరియంట్ రకం జబ్బులో చెడిపోయింది తమ జీనే. మరమ్మతు సిబ్బంది అంతా డ్యూటీలోనే ఉన్నా, తమ సీట్లో ఇంకొకరు కూర్చుని తోచిన అక్షరం రాస్తారు. ఎండ సోకిన చర్మానికి క్యాన్సర్లు వస్తాయి.

ఇంత పొగిడాక అసలు ఫిర్యాదు. క్యాన్సర్ గడ్డకు డాక్టర్లు సిస్‌ప్లాటిన్ అనే మందు ఎక్కిస్తారు. అది డీఎన్‌ఏలో రెండు గ్వానిన్లను, అంటే రెండు 'జీ'లను, ముడేస్తుంది. కాపీ ఆగి ఆ కణాలు చావాలనే కదా వాళ్ల తాపత్రయం? తమరు అక్కడికీ హాజరై ఆ ముడిని దాటించేస్తున్నారు! ఎవరి కణం, ఏం కథ అని అడగరా? చీటీ కనిపిస్తే చాలా?

ఉప్పుమళ్లలో డ్యూటీ ఎప్పటిలాగే చేయండి. ఆ గడ్డలోంచి పిలుపొస్తే మాత్రం సెలవు పెట్టండి. మెడికల్ లీవైనా సరే, శాంక్షన్ సంగతి మేం చూసుకుంటాం.

ఇట్లు,
తమ పనితో బతుకుతూ తమనే తిట్టే
ఇస్కపల్లివాడు