వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇయర్‌బడ్స్ గారికి,

నెల్లూరు జిల్లాలో జామెట్రీ డాష్ లెవెల్స్ కట్టే పిల్లకాయలు రాసుకున్న మనవి. జామెట్రీ డాష్ అంటే, తనంతట తాను పరిగెత్తే క్యూబును పాట బీటుకి వేలు తట్టి ముళ్ళ మీదుగా దూకించే ఆట. ఆ దారులే లెవెల్స్, వాటిని ఆటలోని ఎడిటర్‌లో ఎవరైనా కట్టుకోవచ్చు.

ట్రంకు రోడ్డు సెల్ షాపుల అద్దాల్లో తమరు నిగనిగలాడుతుంటారు. వైరు చిక్కుపడదు, జేబులో ఉండ చుట్టుకోదు. అంతా నిజమే. కొరతల్లా ఒక్కటే: రైలు పోయాక స్టేషన్‌లో అనౌన్స్‌మెంటు వచ్చినట్టు, బీటు దాటిపోయాక తమరు దాన్ని చెవిలో వేస్తారు.

సినిమా చూస్తే ఈ బండారం బయటపడదు. ప్లేయరే బొమ్మను కాస్త ఆపి తమరి కోసం కాచుకుంటుంది. 2013లో రాబర్ట్ టొపాలా వదిలిన ఈ ఆటలో ఆ మర్యాద కుదరదు, బీటు పడ్డప్పుడే వేలు పడాలి. తమరేమో పాటను కుదించి, ముక్కలుగా తెప్పించుకొని, మధ్యలో తెగుతుందేమోనని కొంత నిల్వ పెట్టుకొని, ఆనక విప్పి వినిపిస్తారు. ఈ తతంగానికి మామూలుగా 0.15 నుంచి 0.25 సెకన్లు. ఓస్ ఇంతేనా అంటారేమో! మామూలు స్పీడులో క్యూబు సెకనుకు 10.4 బ్లాకులు (ఆటలో దూరం కొలిచే గళ్ళు) పోతుంది. 0.2 సెకన్లంటే రెండు బ్లాకులు. 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్ల) పాటలో బీటుకీ బీటుకీ మధ్య ఉండేదే 5.2. ఇక స్పీడు పెంచే 4ఎక్స్ పోర్టల్ (ద్వారం) దాటితే సెకనుకు 19.2, తప్పు నాలుగు బ్లాకులకు దగ్గర.

ఎడిటర్‌లో పాట వేసి, బీటు పడ్డప్పుడల్లా తట్టి గైడ్‌లైన్లు (బీటు గుర్తుకి నిలువు గీతలు) గీసుకుంటామా, తమరి పుణ్యాన ప్రతి గీతా కుడికి జరిగి కూర్చుంటుంది. అన్నీ ఒకే కొలతన జరుగుతాయి కాబట్టి వాటి మధ్య దూరం సరిగ్గానే ఉంటుంది, అనుమానమే రాదు. (కొత్తవాళ్ళు గీత మీదే ముల్లు పెడతారు, అది వేరే పాపం. గీత మీద పడాల్సింది వేలు, ముల్లు దాని తర్వాత.) అప్‌లోడ్‌కి ముందు మొదట్నుంచి చివరిదాకా చావకుండా ఆడి వెరిఫై చేయాలి గదా, అక్కడైనా దొరుకుతారా? దొరకరు. అప్పుడూ చెవిలో ఉండేది తమరే, అన్నీ పాటకి అతికినట్టే ఉంటాయి. తర్వాత ఒంగోలు పిల్లోడొకడు వైరు హెడ్‌ఫోన్స్‌తో ఆడి, "ఏందబ్బయా, పాటొక దారి, దూకుడొక దారి" అంటాడు. మంచి లెవెల్‌కి దక్కే స్టార్ రేటింగ్ ఆశ ఆ పూటతో సరి.

ఆలస్యం తగ్గించే లో లేటెన్సీ మోడ్ ఉంది గదా అంటారు. డబ్బా మీద 60 మిల్లీసెకన్లని రాసుకున్నా అది అర బ్లాకు పైమాటే. ఆఫ్‌సెట్ (పాటను ముందుకో వెనక్కో జరిపే అంకె) సర్దుకోమంటారు. సర్దుతాం, రేపు వేరే ఫోనుకి కలిపితే తమరి ఆలస్యం మళ్ళీ మారుతుంది.

అందుకని కట్టేటప్పుడు 3.5 ఎంఎం వైరే, లేదా ఫోను స్పీకరు. ఇంకా గట్టి లెక్క కావాలంటే పాటను ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మొదటి బీటు ఎన్నో సెకను దగ్గరుందో అలలు చూసి పట్టుకుంటాం. కంటికి బ్లూటూత్ ఉండదు గదా. ఆ సెకన్లను 10.386తో (పైన చెప్పిన 10.4 స్పీడే, కచ్చితంగా) గుణిస్తే మొదటి గీత. 60ని బీపీఎంతో భాగించి మళ్ళీ 10.386తో గుణిస్తే బీటు దూరం, 150 బీపీఎంకి 4.15 బ్లాకులు. పోర్టల్‌తో స్పీడు మారిన చోట గుణించే అంకె కూడా మారాలి.

కోపగించుకోవద్దు. బీటుకి రంగులు మెరిపించే పల్స్ ట్రిగ్గర్లు తీసేస్తే డెకరేషన్‌కి బీటుతో పనిలేదు, రాత్రుళ్ళు తినేసేదీ అదే. అప్పుడు పిలుస్తాం. అందాకా మూత వేసుకొని ఛార్జింగ్ ఎక్కించుకుంటూ ఉండండి.

ఇట్లు,
తమరి వల్ల రెండు బ్లాకులు వెనకబడ్డవాళ్ళు