స్టైల్స్ సులభం చేస్తే మా గతేం కావాలి?

డాక్యుమెంట్లు టైప్ చేసే సాఫ్ట్‌వేర్లలో స్టైల్స్ (సైజు, బోల్డ్ లాంటి అక్షరాల అలంకరణంతా ఒక పేరు కింద దాచి పెట్టుకునే ఏర్పాటు) వాడకం ఇంకా సులభం చెయ్యాలని కొందరు తెగ ఆరాటపడిపోతున్నారు. వాళ్లకో దండం, ఆ ఒక్క పనీ చెయ్యకండి.

నా దగ్గర 92 పేజీల ఆఫీసు రిపోర్టు ఉంది. అందులో ప్రతి హెడ్డింగునీ స్వహస్తాలతో సెలెక్ట్ చేసి, బోల్డ్ నొక్కి, సైజు 16 పెట్టి, మధ్యలోకి రావడానికి స్పేస్‌బార్ 23 సార్లు కొట్టి నిలబెట్టాను (పొట్టి హెడ్డింగైతే 31). మొన్న మా సార్ చూసి "బానే ఉందయ్యా, హెడ్డింగులు 14 చేస్తే ఇంకా బావుంటుంది" అన్నారు. ఆ మాటకి రెండ్రోజుల పని, నాలుగు టీలు, ఇంట్లో బోలెడు సానుభూతి. ఇంతలో మా మేనల్లుడు వచ్చి, "మామయ్యా, వీటికి హెడ్డింగ్ 1 స్టైల్ పెట్టుంటే ఒక్కచోట మారిస్తే అన్నీ మారేవి, విషయసూచిక కూడా దాన్నుంచే తయారయ్యేది" అన్నాడు. ఒక్కచోటేనా! మరి నాకు జీతం దేనికిస్తున్నట్టురా?

నిజానికి సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు దాచిందేమీ లేదు. 2007లో మైక్రోసాఫ్ట్ వర్డ్‌కి రిబ్బన్ (పైన బటన్లన్నీ పేర్చిన పట్టీ) తగిలించినప్పుడే స్టైల్స్‌ని హోమ్ ట్యాబ్‌లో కళ్లెదురుగా పేర్చారు. జనం వాటిని గుమ్మానికి కట్టిన తోరణం అనుకుని, కింద నుంచి నడిచి, తిన్నగా బోల్డ్ దగ్గరికే వెళ్లారు. వర్డ్ లాంటిదే, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లో ఎఫ్11 నొక్కితే స్టైల్స్ మొత్తం పక్కన వచ్చి కూర్చుంటాయి, ఆ ఎఫ్11 మీద దుమ్ము కూడా తుడిచినవాడు లేడు.

తెలుగువాళ్లకి ఇంకో వరం ఉంది. లిబ్రెఆఫీస్ లెక్కలో హిందీ, అరబిక్‌లతో పాటు మన తెలుగూ 'కాంప్లెక్స్' లిపే, స్టైల్లో దానికి ఫాంటు, సైజు విడిగా పెట్టాలి. అది తెలీక మారిస్తే మధ్యలో ఉన్న ఇంగ్లీషు ముక్కలు బుద్ధిగా చిన్నవైపోతాయి, తెలుగు మాత్రం పెళ్లిలో అలిగిన మేనత్తలా కదలదు. వత్తులూ గుడులూ చూసి కాంప్లెక్స్ అన్నారంటే ఒప్పుకుంటాను, కానీ విడిగా బతిమాలించుకునే ఈ మర్యాద మాత్రం నాకు నచ్చింది. ఇటాలిక్ సంగతి అడక్కండి, నొక్కితే తెలుగు అక్షరం ఎదురుగాలిలో సైకిల్ తొక్కుతున్నట్టు ముందుకు ఒరుగుతుంది.

మేనల్లుడు ఊరుకోలేదు. నేను టీకి లేచిన సందులో మొదటి పది పేజీలకి స్టైల్ పెట్టి, అందులోనే సెంటర్ చేశాడు. నా 23 స్పేసులు లోపల అలాగే ఉన్నాయి కదా, హెడ్డింగులన్నీ కుడివైపుకి జరిగిపోయాయి.

"చూశావా, నీ స్టైల్‌కి సెంటర్ చెయ్యడం కూడా రాదు" అని, ప్రతి హెడ్డింగు ముందున్న స్పేసులన్నీ ఒక్కొక్కటిగా తీసేసి సర్దాను.