భాష: అదర్స్

మా యూనివర్సిటీ లైబ్రరీ కంప్యూటర్‌లో పుస్తకం ఏ భాషదో ఎంచుకోవడానికి ఒక చిన్న గడి ఉంది. నొక్కితే జాబితా కిందికి దిగుతుంది: ఇంగ్లీష్, ఒడియా, హిందీ, సంస్కృతం, అదర్స్. అంతే. తెలుగు పుస్తకం కావాలంటే అదర్స్ నొక్కాలి. యూనివర్సిటీ పేరు చెప్పను, నా మార్కుల మెమో ఇంకా చేతికి రాలేదు. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఉందని మాత్రం చెప్తాను. గేటు బయట టీ కొట్టు ఆయన, జిరాక్స్ షాపు ఆవిడ, హాస్టల్ వంట మాస్టారు, అందరూ పొద్దున్న లేచింది మొదలు అదర్స్‌లోనే మాట్లాడుకుంటారు.

నేను చదివేది లైబ్రరీ సైన్స్. ఈ సెమిస్టర్ పేపరు ఇన్ఫర్మేషన్ రిట్రీవల్, డిజిటల్ లైబ్రరీలు. అంటే వెతికినవాడికి వెతికింది దొరికేలా చేసే శాస్త్రం. మంచి శాస్త్రమే, వెటకారం కాదు. 1960లలో ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ అనే లైబ్రేరియన్ ఈ వెతుకులాటని కొలిచి చూపించాడు. గోపాల్‌పూర్ ఒడ్డున వల లాగేవాళ్ళని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేస్తారు: వలలో పడ్డవాటిలో చేపలెన్ని, నాచెంత అనేది ప్రెసిషన్. నీళ్ళలో ఉన్న చేపల్లో మన వలకి ఎన్ని చిక్కాయనేది రీకాల్. పరీక్షలో మాత్రం దీన్ని బొమ్మ గీసి నాలుగు పేజీలు రాయాలి.

ప్రాక్టికల్స్ రోజు సారుకి హుషారు పుట్టింది. మన లైబ్రరీ కేటలాగు మీదే ప్రయోగం చెయ్యండి, తలా ఒక ప్రశ్న తీసుకోండి అన్నారు. నేను గిడుగు రామమూర్తి గారిని తీసుకున్నాను. పక్క జిల్లా పర్లాకిమిడిలో బతుకంతా గడిపిన మనిషి కదా, దొరక్కపోతారా అని నా ధీమా. కేటలాగులో తెలుగు పేర్లన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లో ఉంటాయి, ఎవరి చేతికి ఎలా వస్తే అలా. చివర టీ-ఐ పెట్టి చూశాను, టీ-వై పెట్టి చూశాను, మధ్యలో హెచ్ దూర్చి చూశాను, రామ వేరు మూర్తి వేరు చేశాను, పంతులు చేర్చాను, పంతులు తీసేశాను. తెలుగు లిపిలోనే కొట్టాను. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్‌లో చోటిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది గానీ ఆ కబురు మా కేటలాగుకి ఇంకా అందలేదు. ఏ రకంగా కొట్టినా జవాబు సున్నా.

ఇప్పుడు ప్రెసిషన్ లెక్క కట్టాలి. వచ్చినవి సున్నా, వాటిలో పనికొచ్చేవి సున్నా. సున్నాని సున్నాతో భాగిస్తే ఏమొస్తుందండీ అని సారుని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"తప్పు పుస్తకం ఒక్కటైనా వచ్చిందా?"

"రాలేదండి."

"అయితే నూటికి నూరు. రాసుకో."

రాసుకున్నాను. ఇక రీకాల్. లైబ్రరీలో అసలు ఎన్ని ఉన్నాయో తెలిస్తేనే గానీ అది తేలదు. అటెండర్ బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆయన వెతకలేదు, కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు. "గిడుగు వారివా బాబూ? మూడో బీరువా, కింద అర. నాలుగున్నాయి. అయిదోదాన్ని చెదలు తినేశాయి, అట్ట ఉంది, కావాలేటి?" అన్నాడు. పరుగెత్తుకొచ్చి సారుకి చెప్పాను. అటెండర్ మాట ప్రమాణం కాదయ్యా అన్నారు. క్రాన్‌ఫీల్డ్‌లో కూడా ఏది పనికొస్తుందో తేల్చింది మనుషులే కదండీ అని గొణిగాను. "కేటలాగులో ఎన్నున్నాయి?" సున్నా అండి. "వచ్చినవెన్ని?" సున్నా అండి. "ఉన్నవి సున్నా, వచ్చినవి సున్నా. ఒక్కటీ తప్పించుకోలేదు. రీకాల్ కూడా వందే." క్లెవర్డన్ గారు బతికుంటే మా లైబ్రరీ చూడ్డానికి రైలెక్కి వచ్చేవారు. నాకు పదికి పది. గ్రాఫు కూడా వేయించారు, రంగుల్లో, రెండు కడ్డీలూ కాగితం పైఅంచు తాకాయి. తనిఖీ కమిటీ వచ్చినప్పుడు చూపించే ఫైల్లో ఇప్పుడు అది భద్రంగా ఉంది.

నా పక్కనున్న అమ్మాయి ఇంకో దారి పట్టింది. పేరు వద్దు, భాష అదర్స్ అని వడగడదాం అంది. బెంగాలీ నవలలు, ఒక తమిళ నిఘంటువు, జర్మన్ నేర్చుకునే పుస్తకం, మంటలార్పే సిలిండర్‌తో పాటు వచ్చిన కరపత్రం వచ్చాయి. ఆ కరపత్రం భాష అదర్స్. మనకి చుట్టం.

బరంపురంలో అప్పడాలు, ఊరగాయలు అమ్మే ఏ కొట్టుకైనా వెళ్ళండి. ఆవకాయ జాడీ మీద ఆవకాయ అనే ఉంటుంది, మాగాయ మీద మాగాయ. అదర్స్ అని చీటీ అంటించిన జాడీ నాకు ఇంతవరకు కనపడలేదు. ఎక్కువ పత్రాల్లో కనిపించే మాటకి బరువు తక్కువ, అరుదైన మాటకే బరువెక్కువ అని 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ అనే శాస్త్రవేత్త రాసింది మేం బట్టీ పట్టాం. ఆ ఊరగాయలు అమ్మేవాళ్ళు పట్టకుండానే పాటిస్తున్నారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కిందటేడు పాత పుస్తకాలు స్కాన్ చేయించడానికి డబ్బొచ్చింది. ఏవి చెయ్యాలో జాబితా ఎలా కట్టారు? భాషల గడి నొక్కి. అదర్స్‌ని వదిలేశారు. అడిగితే, వాటికి డిమాండ్ లేదు, లాగ్ చూశాం, ఎవరూ తీసుకోవట్లేదు అన్నారు. ఎలా తీసుకుంటారండీ? కనపడదు కాబట్టి అడగరు, అడగరు కాబట్టి స్కాన్ చెయ్యరు, స్కాన్ చెయ్యరు కాబట్టి చెదలు తింటాయి, చెదలు తిన్నాక జాబితా నిజమే అవుతుంది! లైబ్రరీలు వాడే భాషా సంకేతాల్లో తెలుగుకి టీ-ఈ-ఎల్ అని మూడక్షరాలున్నాయి, మాకది రెండు మార్కుల ప్రశ్న. ఆ మూడక్షరాలు గడిలో చేర్చడం ఒక పూట పని. మూడు దరఖాస్తులు పెట్టాం. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అని మన లైబ్రరీ సైన్స్‌కి పెద్దదిక్కు రంగనాథన్ గారి సూత్రం గోడకి ఫ్రేము కట్టి వేలాడదీశారు, దాని కిందే ఈ కంప్యూటర్ పెట్టారు, సిగ్గు లేదూ? రంగనాథన్ గారి సూత్రాలు 1931లో మద్రాసులో అచ్చయ్యాయి. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాషకి గిడుగు వారు రాసిన వ్యాకరణం కూడా అదే ఏడు, అదే ఊళ్ళో. బడి మొహం చూడని సవర పిల్లల కోసం, వాళ్ళ మాట నేర్చుకుని పుస్తకాలు రాసిన ఆయన, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆయన తెలుగూ అదర్సే, ఆయన సవరా అదర్సే.

బాబాయి వచ్చే నెల రిటైర్ అవుతున్నాడు. పోయే ముందు నీకు తెలిసిందంతా ఎక్సెల్‌లో ఎక్కించి పొమ్మని ఆర్డరు. ఆయనకి టైపింగ్ రాదు కాబట్టి ఆ పని నాకు పడింది. మూడో బీరువా ముందు స్టూలు మీద కూర్చుని ఒక్కో పుస్తకం దుమ్ము దులిపి పేరు చదువుతాడు, నేను కొడతాను. మొదటి వరసలోనే ఆగాం.

"భాష దగ్గర ఏటి రాశావు బాబూ?"

తెలుగు అని కొట్టాను. తప్పు అని తెర మీద కబురొచ్చింది, ఎక్కలేదు. ఆ ఎక్సెల్‌లోనూ అదే జాబితా పెట్టిచ్చారు. బాబాయి రెండో పుస్తకం చేతిలో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అదర్స్ నొక్కాను.