గ్రీన్ కార్డు లేకపోతే కె గ్రాంటు రాదా? ఆ ఫార్వర్డ్‌లో ఏది నిజం, ఏది కాదు

అమెరికాలో పోస్ట్‌డాక్ చేస్తున్న మనవాళ్ళ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఎన్ఐఎంహెచ్, అంటే అక్కడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య పరిశోధనా సంస్థ, ఇచ్చే కె గ్రాంట్లు (రీసెర్చ్ కెరీర్ మొదట్లో ఉన్నవాళ్ళకి ఇచ్చే డబ్బు) ఎండీ చేసిన సైకియాట్రిస్టులకే, గ్రీన్ కార్డు లేనివాళ్ళు అప్లై చేయడం టైం వేస్టు, పెద్ద ప్రొఫెసర్ సంతకం ఉంటే చాలు, వస్తే ఏడున్నర లక్షల డాలర్లు చేతిలో పడతాయి, గ్రీన్ కార్డు కూడా గ్యారంటీ, ఒకసారి రిజెక్ట్ అయితే ఇక అంతే, అయినా 2025 నుంచి అన్నీ మూసేశారు కాబట్టి ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. గ్రీన్ కార్డు ఉంటేనే వస్తుందట, వస్తే గ్రీన్ కార్డు గ్యారంటీ అట! రాసినాయన ఒక్కసారైనా వెనక్కి తిరిగి చదువుకున్నాడో లేదో.

నేను ఒక యూనివర్సిటీలో గ్రాంట్స్ ఆఫీసులో పనిచేస్తాను, ఈ అప్లికేషన్లు పంపించేముందు ఫారాలు చూడటం నా పని. ఈ మెసేజ్ నమ్మి రెండేళ్ళు ఊరికే కూర్చుని, తర్వాత వచ్చి "ఇంకా టైం ఉందా అండి" అని అడిగే పిల్లల్ని చూస్తుంటే ఒళ్ళు మండి రాస్తున్నా.

"గ్రీన్ కార్డు లేకపోతే దారి లేదు." ముందు దీని సంగతే చూద్దాం, ఎక్కువ నష్టం చేసేది ఇదే. కె01, కె08, కె23 అనే కె గ్రాంట్లకి సిటిజన్ గానీ పర్మనెంట్ రెసిడెంట్ గానీ అయ్యుండాలి, నిజమే. ఎఫ్32 ఫెలోషిప్‌కీ, టీ32 ట్రైనింగ్ స్లాట్‌కీ కూడా అంతే. మన పోస్ట్‌డాక్‌లు చేరగానే మొదట వినేది వీటి గురించే, అక్కడ "నువ్వు ఎలిజిబుల్ కాదు" అనిపించుకుని ఇక ఎన్ఐహెచ్ (ఎన్ఐఎంహెచ్ దీని కిందిదే) డబ్బు మొత్తం మనకి కాదనుకుంటారు, పుకారు పుట్టింది అక్కడేనని నా అనుమానం. కానీ కె99/ఆర్00 అని రెండు దశల గ్రాంటు ఇంకోటి ఉంది (పోస్ట్‌డాక్‌లో ఉండగా కె99, ఫ్యాకల్టీ ఉద్యోగం వచ్చాక ఆర్00), 2006లో మొదలైంది, దానికి సిటిజన్‌షిప్ షరతే లేదు. హెచ్1బీ మీద ఉన్నా జే1 మీద ఉన్నా అప్లై చేయొచ్చు, గ్రాంటు నడిచినన్నాళ్ళూ ఇక్కడ ఉండి పనిచేయడానికి వీసా సరిపోతుందా లేదా అనేది యూనివర్సిటీ చూసుకోవాలి, అంతే. పీహెచ్‌డీ హైదరాబాద్‌లో చేశారా తిరుపతిలో చేశారా అన్నది కూడా అడ్డు కాదు, సమానమైన డాక్టరేట్ అయితే చాలు.

ఇంకోటి, కె01 లాంటివాటికి కూడా పర్మనెంట్ రెసిడెన్సీ అవార్డు ఇచ్చే నాటికి ఉండాలి, అప్లై చేసే నాటికి కాదు. గ్రీన్ కార్డు చివరి దశలో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా పెళ్ళి ద్వారా వస్తున్నవాళ్ళు, ఈ ఒక్క మాట తెలియక ఏడాది పోగొట్టుకుంటారు.

"సైకియాట్రిస్టులకే." కాదండి. కె99 పీహెచ్‌డీ వాళ్ళకీ వస్తుంది, ఎండీ వాళ్ళకీ వస్తుంది, ఎలుక మెదడులో సర్క్యూట్లు చూసేవాళ్ళు కూడా వేసుకోవచ్చు. కె08, కె23 క్లినికల్ డాక్టరేట్ ఉన్నవాళ్ళకి, నిజమే, కానీ క్లినికల్ డాక్టరేట్ అంటే ఎండీ ఒక్కటే అనుకోవద్దు, క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ, నర్సింగ్‌లో పీహెచ్‌డీ కూడా అందులోకే వస్తాయి. కె23 పేషెంట్లతో నేరుగా చేసే రీసెర్చ్‌కి. మనవాళ్ళలో సైకాలజీ చదివినవాళ్ళు తక్కువ, ఉన్న కొద్దిమందినీ ఇలాంటి మెసేజ్‌లతో భయపెట్టడం ఎందుకు?

"ఏడున్నర లక్షల డాలర్లు చేతిలో పడతాయి." ఈ లెక్క ఎక్కడిదో చెప్తా. ఆర్00 దశలో ఏడాదికి 2,49,000 డాలర్ల వరకు, మూడేళ్ళ వరకు ఇస్తారు, గుణిస్తే 7,47,000. అంకె కరెక్టే, "చేతిలో" అనేదే పచ్చి అబద్ధం. గ్రాంటు మనిషికి రాదు, యూనివర్సిటీకి వస్తుంది. పైగా ఆ 2,49,000లో ఓవర్‌హెడ్ (భవనాలకీ ఆఫీసు ఖర్చులకీ యూనివర్సిటీ తీసుకునే వాటా) కూడా కలిసే ఉంటుంది, యూనివర్సిటీ రేటు 60 శాతం ఉందనుకుంటే, ఖర్చంతా ఆ లెక్కలోకే వస్తే, మీ ల్యాబ్‌కి మిగిలేది లక్షా యాభై అయిదు వేల చిల్లర. అందులోనే మీ జీతంలో కొంత, ఒక రీసెర్చ్ అసిస్టెంట్ జీతం, ఎంఆర్ఐ స్కానర్‌కి గంటల లెక్కన కట్టే డబ్బు, పేషెంట్లకి వచ్చినందుకు ఇచ్చేది, అన్నీ. 2025 ఫిబ్రవరిలో ఎన్ఐహెచ్ ఈ ఓవర్‌హెడ్‌ని అందరికీ 15 శాతం చేస్తామంది, కోర్టులో ఆగిపోయింది. మొదటి దశ, అంటే కె99 రెండేళ్ళు, అందులో ఓవర్‌హెడ్ 8 శాతమే, మిగతా కె గ్రాంట్లన్నిటికీ కూడా అంతే. ఒక రకంగా అందుకే కొన్ని డిపార్ట్‌మెంట్లకి కె గ్రాంట్లంటే పెద్ద ఉత్సాహం ఉండదు, వాళ్ళకి మిగిలేది తక్కువ కదా.

ఆర్00 కూడా దానంతటది రాదు. కె99 అయ్యేలోపు టెన్యూర్ ట్రాక్ (తర్వాత పర్మనెంట్ అయ్యే దారిలో ఉండే) లాంటి ఫుల్‌టైం ఫ్యాకల్టీ ఉద్యోగం దొరకాలి, ఆ కొత్త యూనివర్సిటీ తరఫున మళ్ళీ కాయితాలు పెట్టాలి, ఎన్ఐఎంహెచ్ చూసి ఒప్పుకోవాలి. ఉద్యోగం దొరక్కపోతే రెండో సగం లేనట్టే.

ఇక డబ్బు కన్నా విలువైంది ఒకటి ఉంది, మెసేజ్‌లో దాని ఊసే లేదు: టైం. కె గ్రాంటు తీసుకున్నవాళ్ళు పని సమయంలో కనీసం 75 శాతం రీసెర్చ్‌కీ, దానికి సంబంధించిన ట్రైనింగ్‌కీ పెట్టాలి, ఏడాదిలో 9 నెలల లెక్క. సైకియాట్రీ డిపార్ట్‌మెంట్లో జూనియర్ డాక్టర్ పరిస్థితి తెలిసినవాళ్ళకి దీని విలువ అర్థమవుతుంది, ఓపీ క్లినిక్కులు, ఎమర్జెన్సీ కాల్స్, రెసిడెంట్లకి పాఠాలు, అన్నీ ఆయన నెత్తినే, రీసెర్చ్ అనేది రాత్రి పదింటి తర్వాత చేసుకునే సరదా. ఆ మనిషికి గవర్నమెంటు వచ్చి వారంలో నాలుగు రోజులు నీవి అంటోంది. కాకపోతే కె ఇచ్చే జీతానికి పరిమితి ఉంటుంది, సైకియాట్రిస్టు మామూలు జీతంలో అది చాలదు, మిగతాది డిపార్ట్‌మెంటు వేసుకోవాలి, అందుకే ఛైర్, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్, రాసే లెటర్ ఊరికే మొక్కుబడిగా రాసేది కాదు. "మేం ప్రోత్సహిస్తాం" అని రాసి ఊరుకుంటే రివ్యూయర్లు పట్టేస్తారు, క్లినిక్ ఎన్ని పూటలకి తగ్గిస్తారు, జీతం తేడా ఎవరు కడతారు, గ్రాంటు వచ్చినా రాకపోయినా ఉద్యోగం ఉంటుందా అని వెతుకుతారు. చివరి రెండేళ్ళలో సొంతంగా ఆర్01 లాంటి పెద్ద రీసెర్చ్ గ్రాంటు వస్తే మాత్రం కె మీద టైం 50 శాతానికి తగ్గించుకోవచ్చు.

"పెద్ద ప్రొఫెసర్ సంతకం ఉంటే చాలు" అంటే, మెంటర్ అనేది అయిదు అంశాల్లో ఒకటి. మిగతా నాలుగు క్యాండిడేట్, ట్రైనింగ్ ప్లాన్, రీసెర్చ్ ప్లాన్, సంస్థ వాతావరణం. రిఫరెన్స్ లెటర్లు వేరేగా కనీసం మూడు, ఎక్కువలో ఎక్కువ అయిదు కావాలి, ఇవి మెంటర్ కాని వాళ్ళ దగ్గర్నుంచి. అసలు చాలామంది పడేది వేరే చోట: ఎన్ఐఎంహెచ్‌లో క్లినికల్ ట్రయల్ చేసేవాళ్ళకి ఒక గ్రాంటు ప్రకటన, చేయనివాళ్ళకి వేరే ప్రకటన. మందు ఇస్తేనే ట్రయల్ అనుకుంటారు మనవాళ్ళు, ఎన్ఐహెచ్ నిర్వచనం అంతకన్నా చాలా వెడల్పు, ఫోన్ యాప్‌తో కౌన్సెలింగ్ ఇచ్చి డిప్రెషన్ తగ్గిందా అని చూసినా ట్రయలే. తప్పు ప్రకటన కింద వేస్తే రివ్యూకి కూడా పోకుండా వెనక్కొచ్చేసే ప్రమాదం ఉంది, ఎంత గొప్ప మెంటర్ ఉన్నా సరే.

"గ్రీన్ కార్డు గ్యారంటీ" గురించి రెండు ముక్కలు చాలు. కె99 చూపించి ఈబీ1 (ప్రతిభ ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డు) పిటిషన్ బలంగా వేసుకోవచ్చు, లాయర్లు సంతోషంగా వాడుకుంటారు, అది ఆధారాల్లో ఒకటి మాత్రమే. ఇండియాలో పుట్టినవాళ్ళకి ఈబీ2 (ఉద్యోగం ద్వారా వచ్చే ఇంకో రకం) క్యూ పదేళ్ళ పైమాటే, ఈబీ1లోనూ ఎదురుచూపు తప్పదు, ఏ గ్రాంటూ ఆ క్యూని దాటించదు.

"ఒకసారి రిజెక్ట్ అయితే అంతే." 37 నెలల్లోపు ఒకసారి సరిదిద్ది మళ్ళీ పంపొచ్చు, ఆ తర్వాత కూడా కొత్త అప్లికేషన్‌గా వేయొచ్చు. అయితే కె99కి ఇక్కడ ఒక మెలిక ఉంది, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్ళు దాటకూడదు, మొదటిసారి వేసేటప్పుడే కాదు, రెండోసారి పంపేటప్పుడు కూడా. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో చేసిన పోస్ట్‌డాక్ కూడా లెక్కలోకి వస్తుంది, అమెరికా దిగిన రోజు నుంచి మొదలుపెట్టకండి. రీసెర్చ్ లేని రెసిడెన్సీ మాత్రం లెక్కలోకి రాదు. ఇప్పుడు తేదీలు చూడండి: కొత్త అప్లికేషన్లు ఫిబ్రవరి 12, జూన్ 12, అక్టోబర్ 12, రీసబ్మిషన్లు మార్చి 12, జులై 12, నవంబర్ 12. ఫిబ్రవరిలో వేస్తే రివ్యూ జూన్ జులై ప్రాంతంలో, రివ్యూయర్ల కామెంట్లు చేతికొచ్చేసరికి చాలాసార్లు జులై 12 దాటిపోతుంది, అంటే నవంబర్ 12 దాకా ఆగాలి, తొమ్మిది నెలలు. కాబట్టి మూడో ఏడాది పూర్తయ్యేలోపు మొదటిది పడకపోతే రెండో ఛాన్స్ ఉన్నా వాడుకోలేరు. "గ్రీన్ కార్డు వచ్చాక చూద్దాంలే" అని ఆగినవాళ్ళకి పోయేది సరిగ్గా ఇదే.

ఇక "2025 నుంచి అన్నీ మూసేశారు". ఇందులో కొంత నిజం ఉంది, లేదంటే నేనూ అబద్ధం చెప్పినట్టే. 2025లో చాలా గ్రాంట్లని మధ్యలో రద్దు చేశారు, కె99లో మోజాయిక్ అనే ప్రత్యేక విభాగాన్ని తీసేశారు. కొత్త గ్రాంట్లలో కొన్నిటికి అన్నేళ్ళ డబ్బూ ముందే కట్టేసే పద్ధతి పెంచారు, దాంతో అదే బడ్జెట్‌లో తక్కువమందికి వస్తుంది. ఎన్ఐఎంహెచ్‌ని మాదకద్రవ్యాల సంస్థతో, ఆల్కహాల్ సంస్థతో కలిపేద్దామని వైట్ హౌస్ 2026 బడ్జెట్‌లో ప్రతిపాదించింది, అది ప్రతిపాదన, డబ్బు కేటాయించేది కాంగ్రెస్. పోటీ పెరిగింది అంటే ఒప్పుకుంటా, మామూలు కె99 మూసేశారు అంటే ఒప్పుకోను.

అనుమానం ఉంటే మెసేజ్ పంపినాయన్ని కాదు, ఎన్ఐఎంహెచ్‌లో మీ టాపిక్ చూసే ప్రోగ్రాం ఆఫీసర్ని అడగండి. మీ స్పెసిఫిక్ ఏమ్స్ (రీసెర్చ్ లక్ష్యాలు) ఒక పేజీ, మీ పోస్ట్‌డాక్ మొదలైన తేదీ, వీసా రకం, ట్రయల్ అవునా కాదా అనే ప్రశ్న, ఈ నాలుగూ ఒకే మెయిల్లో పెట్టండి. డెడ్‌లైన్ వారంలో కాకుండా రెండు మూడు నెలల ముందే పంపండి, జవాబు రాకపోతే మళ్ళీ రాయండి, వాళ్ళ దగ్గర కూడా ఇప్పుడు మనుషులు తక్కువ.