మదర్‌బోర్డు ఏదని ఒక్క మాట అడగకూడదా?

మా పాప చదువు కోసం పాత డెస్క్‌టాప్‌కు ర్యామ్ (పనిచేసేటప్పుడు కంప్యూటర్ వాడుకునే మెమరీ) వేయిద్దామని ప్రొద్దుటూరు నుంచి కడపకు బస్సెక్కి పోయాను. షాపులో "8 జీబీ కావాలి" అన్నాను. మదర్‌బోర్డు (భాగాలన్నీ బిగించే ప్రధాన బోర్డు) ఏదని ఎవరూ అడగలేదు, డబ్బా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి చూస్తే స్లాట్‌లో దిగదు! మాది హెచ్81 అనే పాత రకం బోర్డు, దానికి డీడీఆర్3 రకం ర్యామ్ కావాలి. వాళ్లిచ్చింది దాని తర్వాతి తరం డీడీఆర్4. రెండింటికీ గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది, ఎంత నొక్కినా కూర్చోదు. ఇంకాస్త బలం పెట్టి ఉంటే బోర్డే పోయేది. మర్నాడు మళ్లీ బస్సు, మళ్లీ ఛార్జీలు. "సీల్ తీశారు, వాపస్ ఉండదు" అన్నారు. కడుపు మండిపోయింది.

ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన స్టోరేజీ) అడిగితే బోర్డుకే నేరుగా బిగించే ఎం.2 రకం చూపించారు. మా బోర్డులో దానికి చోటే లేదు. కేబుల్‌తో కలిపే 2.5 అంగుళాల సాటా రకం చాలని, పాత హార్డ్ డిస్క్ కంటే అదే ఎంతో వేగమని చెప్పినవాళ్లు లేరు. పైగా 12వ తరం ప్రాసెసర్ వేసుకోమని సలహా! మా బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు పాత 1150 సాకెట్, అందులో అది ఎలా పడుతుంది?

నెల జీతంలోంచి తీసిన డబ్బులండీ అవి. ఆ ర్యామ్ ఇప్పటికీ బీరువాలోనే ఉంది, పాప కంప్యూటర్ ఇంకా నత్తలాగే నడుస్తోంది.