సవరణ: దానిమ్మ రసం, బీపీ మాత్ర

రోజూ గ్లాసుడు దానిమ్మ రసం తాగితే బీపీ మాత్ర మానేయొచ్చని మొన్న రాశాను. అది తప్పు. చిన్న చిన్న పరీక్షల్లో పై అంకె కాస్త తగ్గిందే తప్ప, రసం మాత్రకు బదులు కాదు. అది చదివి మా పిన్ని మాత్రలు ఆపేసిందట. నిన్న చూస్తే స్ట్రిప్పులో పదికి పదీ అలాగే ఉన్నాయి! నాకే టెన్షన్ పట్టుకుంది.

టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు ఒంట్లో పొటాషియాన్ని పెంచగలవు. దానిమ్మ రసంలోనూ పొటాషియం బాగానే ఉంటుంది. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ని అడక్కుండా రోజూ తాగొద్దు.

మొన్నటి రాతలోంచి, బీపీకి పంపరపనస కూడా మంచిదేనన్న వాక్యం తీసేశాను. దాని చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు) రసం ఫెలోడిపిన్, నిఫెడిపిన్ అనే బీపీ మందుల్ని పేగులో విచ్ఛిన్నం కానివ్వదు. రక్తంలో మందు మోతాదు మించి బీపీ మరీ పడిపోవచ్చు. పంపరపనసలోనూ ఆ గుణం ఉంది.