‘ఏం కాదు సార్’

నేల మీద పరిచే ప్లాస్టిక్ పలకల (వినైల్ ఫ్లోరింగ్) పెట్టెలో ఒక కాగితం ఉంటుంది. నేల కింద గొట్టాల్లో వేడినీళ్లు తిరిగే ఇంట్లో ఆ పలకలు ఎలా పరచాలో అందులో ఉంటుంది. మా మేస్త్రి దాన్ని మడిచి మోకాళ్ల కింద వేసుకున్నాడు. ఆ కాగితం ఎవరికైనా ఉపయోగపడటం బహుశా అదే మొదటిసారి.

“పలకల్ని రెండు రోజులు గదిలో ఉంచి, ఆ తర్వాత పరచాలట కదా?”

“ఏం కాదు సార్.”

“హీటింగ్ ఆపొద్దా?”

“ఏం కాదు సార్, వెచ్చగా ఉంటే పని బాగుంటుంది.”

ఎవరికి? అతని మోకాళ్లకి. గోడ వెంట కాస్త గ్యాప్ వదలమంటే నావైపు జాలిగా చూశాడు. పాపం, చూడ్డానికి మర్యాదస్తుడిలాగే ఉన్నాడు, ఇంట్లో సందులు కావాలంటాడేంటని.

వినైల్ వేడికి సాగుతుంది. పక్కకి సాగే చోటు లేకపోతే పైకి లేస్తుంది. మా హాల్లో మూడో వారానికే లేచింది. మొదట పలకల కింద పిల్లి పడుకున్నట్టుండేది. తర్వాత ఆ పిల్లికి సంసారం ఏర్పడింది. పిల్లల బొమ్మ కార్లకి ఘాట్ రోడ్డు దొరికింది. ఫోన్ చేస్తే “ఏం కాదు సార్, మీద బరువు పెట్టండి” అన్నాడు. బీరువా జరిపాం. గుట్ట కూడా బీరువాకి గౌరవమిచ్చి అవతలికి జరిగింది. కనబడకుండా మందపాటి తివాచీ కప్పాం. వేడి పైకి రాలేక కిందే మగ్గింది. గుట్ట ఇంకాస్త బలిసింది.

చివరికి కంపెనీ మనిషి థర్మామీటర్‌తో వచ్చాడు. పలక మీద వేడి 27 డిగ్రీలు దాటకూడదట, మాది దాటిందట, కాబట్టి వారంటీ వర్తించదట. వేడిని అదుపు చేసే గోడ మీది థర్మోస్టాట్ చూసేది గదిలో గాలినే. నేల ఎంత కాలుతోందో తెలియాలంటే నేలలోనే సెన్సర్ ఉండాలి. ఆ మాట అమ్మేటప్పుడు ఒక్కడూ చెప్పలేదు! పెట్టె మీద ‘హీటింగ్‌కి అనుకూలం’ అని అరచేయంత అక్షరాలు. 27 అనే అంకె మాత్రం లోపలి కాగితంలో చీమ తలకాయంత. సరుకు అమ్మినవాడికి డబ్బు ముట్టింది, పరిచినవాడికి కూలి ముట్టింది. ఇద్దరి మాటా నమ్మిన నేను మాత్రం నా సొంత నేలని కాల్చుకున్న నేరస్తుణ్ణి. సిగ్గుందా వీళ్లకి?

మొత్తం పీకి మళ్లీ వేయిస్తున్నాం. అదే మేస్త్రి. కొత్త పెట్టె విప్పగానే కాగితం నేనే లాక్కున్నాను.

“మోకాళ్లు నొప్పెడతాయి సార్.”

“ఏం కాదు” అన్నాను.